డిక్కీకి దుప్పటి, ఊరికి దడ

ఆదివారం సాయంత్రం మైపాడు రోడ్డు మీద కారు కన్నా ముందు దాని ఊఫర్ వస్తుంది. ఇందుకూరుపేట దగ్గరే గుండెల్లో దబ్, దబ్ మొదలవుతుంది. దాని వెనకే గడగడమంటూ ఇంకో వాయిద్యం. మొదటిది పాటలోది. రెండోది డిక్కీ మూత, నంబరు ప్లేటు, స్టెప్నీ పక్కన పడేసిన జాకీ, పానా కలిసి చేసే పక్కవాద్యం. కారు ఓనరుకు మొదటిది ప్రాణం, రెండోది పరువు నష్టం. అందుకే సోమవారం పొద్దున్నే నెల్లూరులో ఏదో ఒక కార్ డెకార్స్ షాపు ముందు నిలబడి ఉంటాడు. "అన్నా, బేస్ పెడితే డిక్కీ గడగడలాడతా ఉండాది. ఏదన్నా చెయ్యి."

షాపు అన్న చెయ్యడానికి సిద్ధంగానే ఉంటాడు. ఒకవైపు తళతళలాడే అల్యూమినియం రేకు, రెండోవైపు నల్లటి జిగట రబ్బరు ఉన్న షీటు తీసి బొటనవేలితో నొక్కి చూపిస్తాడు. డ్యాంపింగ్ షీటట. "ఇది ఏసినామంటే లోపల పిడుగు పడినా బయటికి రాదు. ఏస్తే డిక్కీ మొత్తం ఏసుకో, సగం ఏస్తే సగమే ఉంటాది." ఈ రెండు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదు. అయినా వేలకు వేలు పలుకుతున్నాయి.

షీటును తప్పు పట్టలేం. బ్యుటైల్ రబ్బరు 1937లో పుట్టిన సరుకు. గాలిని పోనివ్వదని టైరు ట్యూబులకు వాడిందీ ఈ జాతి రబ్బరునే. వణికే రేకు మీద దాన్ని అంటించి, పైన ఇంకో పల్చటి రేకు వేస్తే, రెండింటి మధ్యా రబ్బరు నలిగి ఆ వణుకును కాస్త వేడిగా మార్చేస్తుంది. 1959లోనే కెర్విన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీని లెక్కలు తేల్చి ప్రచురించాడు. కారు రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరుకు అటూ ఇటూ. వేలితో కొడితే ఠంగుమనే ఆ రేకు, షీటు వేశాక డుబ్ అంటుంది. షాపు అన్న ఈ ప్రయోగం తప్పకుండా చేసి చూపిస్తాడు. మనం తలూపుతాం, కారు కొన్నది డిక్కీని వేలితో కొట్టుకుంటూ కూర్చోవడానికే అన్నట్టు.

కానీ మన ఓనరు వచ్చింది ఠంగుమంటోందని కాదు, గడగడమంటోందని. ఠంగుమనడం ఒక్క రేకు మోగడం. గడగడ అంటే రెండు వస్తువులు కొట్టుకోవడం. వాటిలో ఒకదానికి పట్టుబట్ట కట్టినంత మాత్రాన కొట్లాట ఆగదు, మధ్యలో ఎవరన్నా దూరాలి. నంబరు ప్లేటునే తీసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. ఒకసారి తాళం పడితే విరగ్గొడితే తప్ప ఊడదు. దొంగలకు భయపడి అంత గట్టిగా బిగించిన ప్లేటు అంచులు మాత్రం గాల్లోనే ఉంటాయి. పల్చటి అల్యూమినియం, వెనక ప్లాస్టిక్ ఫ్రేము, రెంటి మధ్య చీమ దూరే సందు. 40 హెర్ట్జ్ బేస్ తగిలితే ఆ ప్లేటు సెకనుకు నలభై మొట్టికాయలు ఫ్రేము నెత్తిన వేస్తుంది. డిక్కీ లోపల ఎన్ని షీట్లు పరిచినా బయట ఈ మొట్టికాయలు ఆగవు. ఆ సందులో జిగురున్న స్పాంజి పట్టీ దూరిస్తే ఆగుతాయి. దాని ఖరీదు రెండు టీల డబ్బులు.

ఇంకో రహస్యం. డిక్కీ మూత ఆనే చోట రెండు మూలలా నల్లటి రబ్బరు బుడిపెలు ఉంటాయి. చాలా కార్లలో వాటిని చేత్తో తిప్పి ఎత్తు పెంచుకోవచ్చు. అర చుట్టు బయటికి తిప్పితే మూత బిగుతుగా ఆని నోరు మూసుకుంటుంది. దీనికి బిల్లు రాయడం కష్టం. అందుకే ఈ బుడిపెలను మీకు పరిచయం చేసే తొందర ఎవరికీ లేదు. మొత్తం పరవాలన్న మాటా అంతే. రేకు మోగే చోట వెతికి, పావు భాగం కప్పితే రావలసిన ఫలితం దాదాపుగా వచ్చేస్తుంది. మిగతా ముప్పావు షాపు అద్దెకు పనికొస్తుంది. చదరపు మీటరుకు మూడు కిలోల పైచిలుకు బరువు మాత్రం మీ బండి మోస్తుంది, ఆ పెట్రోలూ మీదే.

ఇక పిడుగు పడినా బయటికి రాదన్న హామీ. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. పన్ను తగ్గుతుందని కంపెనీలు నాలుగు మీటర్లలోపు కత్తిరించి అమ్మే కార్లు మనవి. అలలో సగమైనా పట్టని డబ్బాలో దాన్ని రెండు మిల్లీమీటర్ల రబ్బరుతో బంధిస్తామని మనవాళ్ల పందెం. గోడ బరువు రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెళ్లు, అదీ పుస్తకాల లెక్కలో. నిజంగా ఆ బేస్‌ను కారులోనే ఆపాలంటే డిక్కీకి ఇటుక గోడ కట్టాలి. కట్టాక బండి కదలదు కాబట్టి, ఒప్పుకుంటాను, ఊరికి ఆ పద్ధతి పనిచేస్తుంది.

ఇక్కడికొచ్చాకే అసలు మర్మం బయటపడుతుంది. షీటు వల్ల తగ్గేదేదన్నా ఉంటే ఓనరు చెవికి తగిలే అపస్వరమే. పాలెంలో పొద్దుటి వేటకు పోవాలని పెందలాడే పడుకున్న మనిషికి బేస్ పూర్తిగా అందుతుంది. పైగా గడగడ తగ్గింది కదాని మనవాడు ఇంకో రెండు గీతలు పెంచుతాడు. ఇన్నాళ్లూ ఆ డిక్కీ ఒక్కటే, తన భాషలో, చాలురా నాయనా అని మొత్తుకునేది. ఇప్పుడు దాని నోరూ నొక్కేశాం.

మన తీరంలో రొయ్యకు కౌంట్ చూసి ధర కడతారు. ముప్పై కౌంట్ అంటే కిలోకు ముప్పై, వంద కౌంట్ అంటే వంద. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదని గుంట గట్టున తిరిగే పిల్లాడికీ తెలుసు. ఆ తెలివంతా ఊఫర్ కొనేటప్పుడు ఏమవుతుందో! అట్టపెట్టె మీద పదమూడు వందల వాట్లని అచ్చేసి ఉంటే కళ్లకద్దుకుని తెచ్చుకుంటాం. అది రెప్పపాటు తట్టుకోగల అంకె. ఆగకుండా లాగగలిగే ఆర్ఎంఎస్ అంకె మూలన చిన్న అక్షరాల్లో, చాలాసార్లు మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. రొయ్యల్లో ఈ మోసం చేస్తే గుంట దగ్గరే పంచాయితీ అయ్యేది.

ఖర్చు అక్కడ ఆగదు. ఊఫర్‌కు సరిపోలేదని యాంప్ వస్తుంది. యాంప్ కరెంటు లాగేసరికి దబ్ అన్నప్పుడల్లా హెడ్‌లైట్లు కన్ను కొడతాయి, దానికి కెపాసిటర్ వస్తుంది. ఇంత బలానికి డిక్కీ తట్టుకోలేక గడగడలాడితే షీట్లు వస్తాయి. మొదట మోతను కొన్నాం, తర్వాత ఆ మోతకు మందు కొంటున్నాం, రెండింటికీ కౌంటరు ఒకటే.

ఇంకా మన వాతావరణం ఉంది కదా. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారు లోపల ఎట్టుంటుందో నెల్లూరోళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చవగ్గా వస్తుందని కొందరు బ్యుటైల్ బదులు మిద్దె కారకుండా అంటించే తారు షీటు వేయించుకుంటారు. వేసవిలో అది మెత్తబడి జారుతుంది, కారంతా కొత్తగా వేసిన రోడ్డు వాసన. బ్యుటైల్ అంత తేలిగ్గా కరగదు, కానీ దాని కింద రేకు ఆరి, శుభ్రంగా ఉండాలి. దుమ్ము మీదే రోలర్ తిప్పేస్తే అంచులు లేస్తాయి. స్టెప్నీ గుంతలో నీళ్లు పోవడానికి రబ్బరు బిరడా ఉన్న రంధ్రం ఉంటుంది, మొత్తం పరిచే ఉత్సాహంలో దాన్నీ కప్పేస్తారు. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు కుమ్మితే, టెయిల్ లైటు పక్కనుంచి దిగిన నీళ్లు పోయే దారిలేక షీటు కిందే కాపురం పెడతాయి. ఉప్పుగాలి తోడు. తుప్పుకు ఇంతకన్నా మంచి నర్సరీ కట్టలేం. రెండేళ్ల తర్వాత షీటు లాగితే రేకు కూడా వెంట వస్తుంది. గడగడ శాశ్వతంగా పోయినట్టే, గడగడలాడటానికి రేకు ఉండదు కాబట్టి.

ఇదంతా జరుగుతున్నది ఎలాంటి ఊళ్లో! ఎస్.పి. సాంబమూర్తి హరికథలు చెప్పిన ఊరిది. ఆయన కొడుకు బాలు 2020 ఫిబ్రవరిలో తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆ బాలు పాటే ఈ కార్లలోనూ వేస్తారు. బయట నిలబడ్డవాడికి మాత్రం పల్లవి దబ్బు, చరణం గడగడ. పాడిన గొంతు ఎవరిదో పోల్చుకోవాలంటే కారు ఆపి అడగాలి.

చట్టం లేదా అంటే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా స్పీకర్లు, యాంప్లిఫయర్లు మోగించకూడదు, మూసిన ఆవరణల్లో లోపలివాళ్ల కోసమైతే తప్ప. మా డిక్కీ మూసే ఉంది కదా సార్ అనే వకీలు ఎక్కడో తయారవుతూనే ఉంటాడు. అంతకన్నా పెద్ద నవ్వులాట మీటరుది. ఈ హద్దుల్ని కొలిచే డీబీ-ఏ పద్ధతి మనిషి చెవి తీరును అనుసరించేది, 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెళ్లు తీసేసి లెక్కిస్తుంది. కిటికీ అద్దాలు వణుకుతుంటే మీటరు మాత్రం పెద్దగా ఏమీ లేదంటుంది. బేస్ విషయంలో చట్టం కూడా చెవిలో కాస్త దూది పెట్టుకునే కొలుస్తోంది.

నేల మీదా, తలుపుల్లోనూ ఈ షీట్లు వేయించుకుని చెన్నై హైవే మీద టైర్ల రొద తగ్గించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. అది దాని సరైన పని. పేచీ అంతా మోత పెంచుకోవడానికి వేసే షీటుతోనే. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె ఇచ్చిపుచ్చుకుంటారు. నిశ్శబ్దం రొట్టె కూడా పెడితే పట్టడానికి మైపాడు రోడ్డు పల్లెలన్నీ వరస కడతాయి.

అందాకా ఊఫర్ బాబులకు ఒక విన్నపం. షాపుకు పోయే ముందు పాట పెట్టి, వెనక్కి వచ్చి నంబరు ప్లేటు మీద అరచెయ్యి ఆనించండి. గడగడ ఆగితే మీకు కావలసింది స్పాంజి ముక్క, షీటు కాదు. తర్వాత ఫ్రెండును కారులో కూర్చోబెట్టి, పాట ఆపకుండా, మీరు వందడుగుల దూరం నడిచి ఏదన్నా ఇంటి అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ ఇంటివాళ్లు ఏమన్నా అంటే, తలొంచుకుని వినండి.