ఆనర్సు అల్లుడు

మొగుడూ పెళ్లామూ ఒకే ఏడాది డిగ్రీ ముగించాలని మా అత్తగారింట్లో తీర్మానం జరిగింది. నేను చేరింది 2021లో, మా ఆవిడ 2022లో. నాది బాగేపల్లి, ఆమెది చింతామణి పక్క పల్లె. ఆమెను ముందుకు లాగే దారి లేదు గనుక నన్ను ఆపాలన్నారు.

దానికీ దారి దొరికింది. కొత్త జాతీయ విద్యావిధానాన్ని దేశంలో అందరికన్నా ముందు నెత్తికెత్తుకున్నది కర్ణాటకే, అదీ నేను చేరిన ఏడాదే. మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడూ చదివితే ఆనర్స్. మా ఆవిడ పాత క్యాలెండరు వెనక గీతలు గీసి, "నువ్వు ఆనర్స్ చెయ్యి, ఇద్దరం 2025లో బయటపడదాం" అంది. నాకు ఇంత విద్యాదాహం ఉందని అప్పుడే తెలిసింది.

ఊళ్లో వాళ్లకు మాత్రం తెలియలేదు. "ఇంకా కాలేజీకి పోతావుండావే, ఏ సబ్జెక్టు పోయిందప్పా?" అని జాలిపడేవాళ్లు. ఆనర్స్ గురించి చెబుతుంటే ఇంకా జాలిపడేవాళ్లు. 2024 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, కొత్తగా చేరేవాళ్లకు మళ్లీ మూడేళ్ల డిగ్రీయే అని ప్రకటించింది. "సర్కారే మూడు చాలంటే నీకు నాలుగెందుకు?" అని టీ కొట్టులో అడిగితే నా దగ్గర జవాబు లేదు. పెళ్లాం కోసం ఆగినానని చెబితే ఫెయిలైనవాడికున్న మర్యాద కూడా దక్కదు.

ఇక పని పంపకం. 2023 జూన్ 11 నుంచి శక్తి యోజన కింద ఆడవాళ్లకు సర్కారు బస్సుల్లో టికెట్టు సున్నా. కాబట్టి ఫీజనీ, మార్కుల కార్డనీ చిక్కబళ్లాపురంలో ఏ పని పడినా మా ఆవిడే పోయేది. "నువ్వొస్తే చార్జీ దండగ" అనేది. ఆమె తిరిగొచ్చేసరికి నేను రాగిసంకటి కెలికి పెట్టాలి. మహిళా సాధికారత ఎట్లుంటుందో సంకటికట్టె పట్టుకున్న నన్ను అడగాలి.

అంతా కుదిరిందనుకుంటే పట్టుపురుగులు మిగిలాయి. మామగారు రెండు జ్వరాలు (కుబుసం విడిచే నిద్రలు) దాటిన చాకీ (పిల్ల) పురుగులు తెచ్చి మేపుతారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వారం రోజులు అవి మల్బరీ ఆకును నమిలే చప్పుడు వానలా వినిపిస్తుంది. ఆ వారం ఇంట్లో ఎవరికీ పెళ్లి, చావు, పరీక్ష ఉండకూడదు. మా ఆవిడ చివరి సెమిస్టర్ టైంటేబులు చూసి, "నాయనా, ఈసారి చాకీ పదిహేను రోజులు ముందే తెచ్చుకో" అని ఫోన్ చేసింది. ఆయన తెచ్చుకున్నాడు. యూనివర్సిటీ టైంటేబులు మార్చింది. పురుగులు మార్చలేదు.

చదువుకు అడ్డు తగలడం మాతోనే మొదలు కాలేదు. మా బాగేపల్లిలో నేషనల్ కాలేజీ వెలియడానికి మూలపురుషుడు గౌరిబిదనూరు తాలూకా హొసూరు హెచ్. నరసింహయ్య. 1942లో క్విట్ ఇండియా అంటూ చదువు ఆపి జైలుకు పోయిన మనిషి, పైగా ఆజన్మ బ్రహ్మచారి. ఆయన చదువుకు స్వాతంత్ర్యం అడ్డొచ్చింది. మాకు పట్టుపురుగు.

పరీక్షల వారంలో నాకు రాతలేమీ లేవు, ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే. మా ఆవిడ అకౌంట్స్ లెక్కలు రాస్తున్న రోజు పురుగులు పండాయి. పసుపుతేరిన వాటిని ఏరి ఏరి, అవి గూళ్లు కట్టే చంద్రికల మీద వేసినవాణ్ణి నేనే. నడుము విరిగింది. రిపోర్టులో సగం అక్కడే, ఆకుల గోతం మీద కూచుని రాశాను.

ఇద్దరం పాసయ్యాం. స్వీట్లు పంచుతూ అత్తగారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "ఆనర్స్ అయినోళ్లకి ఎమ్మే ఉంటాదంట కదా నాయనా? చేరు. వచ్చే పంటకి మనిషి కావల్ల."