అందరి పేరూ స్టూడెంటే

గణిత సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్లు మహా మర్యాదస్తులు. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి ఒక పేరుంటుందని, ఆ పేరు మీద ఒక ఫోల్డరు ఉంటుందని గట్టిగా నమ్ముతారు. విండోస్‌లో మ్యాట్‌ల్యాబ్ తెరిస్తే మీ డాక్యుమెంట్స్‌లో ‘మ్యాట్‌ల్యాబ్’ అనే ఫోల్డర్లో కూర్చోబెడుతుంది. ‘ఆర్’ అయితే సరాసరి డాక్యుమెంట్స్‌కే తీసుకెళ్తుంది.

పాపం, వాళ్లు మన ఢిల్లీ ఎన్‌సీఆర్ కాలేజీల ల్యాబులు చూడలేదు. ఢిల్లీ యూనివర్సిటీ బీఎస్సీ ఆనర్స్ మ్యాథ్స్‌లో బైసెక్షన్, సీకెంట్, న్యూటన్-రాఫ్సన్ పద్ధతులు కంప్యూటరు మీదే చేయాలి. పేరు అక్కర్లేని ఒక కాలేజీలో గుంటూరు పిల్లయినా గుర్గావ్ పిల్లాడైనా లాగిన్ ఒక్కటే: స్టూడెంట్. పాస్‌వర్డ్ గోడ మీదే అంటించి ఉంటుంది. ఇక యూజర్ ఫోల్డరంటే ధర్మసత్రమే. పొద్దుటి బ్యాచ్ న్యూటన్ మీద మధ్యాహ్నం బ్యాచ్ న్యూటన్ పడుకుంటాడు. అందుకే తెలివైనవాళ్లు ఫైలుకి ‘న్యూటన్_నాది_ముట్టుకోవద్దు’ అని పేరు పెడతారు.

అసలు వేడుక వేరే ఉంది. ఎవరో మహానుభావుడు సైన్ గ్రాఫు గీసి, ఆ స్క్రిప్టుకి ‘సైన్.ఎమ్’ అనే పేరు పెట్టి వెళ్లిపోతాడు. మ్యాట్‌ల్యాబ్ తన సొంత సైన్ కంటే ముందు, తాను కూర్చున్న ఫోల్డర్లో ఆ పేరుతో ఏముందో చూస్తుంది. అంతే, తర్వాత వచ్చినవాళ్లు సైన్ విలువ అడిగితే ‘స్క్రిప్టును ఫంక్షన్‌లా పిలుస్తావా’ అని ఎర్రక్షరాలతో కసురుతుంది. త్రికోణమితి మొత్తం ఒక్క ఫైలుతో మూతపడింది! వేరే ఫోల్డర్లో పని చేసుకోవచ్చా అని ల్యాబ్ ఇన్‌చార్జిని అడగండి: ‘‘డిఫాల్ట్ ఫోల్డరు మార్చకూడదు, సిస్టం పాడైపోతుంది.’’ మార్చడమంటే ‘సీడీ’ అని కొట్టి ఫోల్డరు పేరు రాయడం. ఆ రెండక్షరాలకి పాడయ్యే సిస్టం ఏదో నాకూ చూడాలని ఉంది.

ఒకప్పటి కంటే నయమేననుకోండి. పాత మ్యాట్‌ల్యాబ్‌లు పని ఫోల్డరును తాము ఇన్‌స్టాల్ అయిన చోటే పెట్టేవి. 2007లో విండోస్ విస్టా వచ్చి ప్రోగ్రామ్ ఫైల్స్‌కి తాళం వేసింది. అక్కడ రాయబోయిన పాత ప్రోగ్రాముల ఫైళ్లను చడీచప్పుడు లేకుండా ‘వర్చువల్ స్టోర్’ అనే మూలకు నెట్టింది. సేవ్ అయిందని ప్రోగ్రాము ఒట్టేసేది, ఫోల్డరు తెరిస్తే ఖాళీ.

‘ఆర్’ పండితురాలు జెన్నీ బ్రయాన్ 2017లో ఒక శపథం చేసింది: స్క్రిప్టు మొదటి వరుసలోనే మీ ఒక్కరి కంప్యూటర్లోనే ఉండే ఫోల్డరు దారి రాస్తే, మీ ఆఫీసుకొచ్చి కంప్యూటరు తగలబెడతానని. ఆవిడ ఈ ల్యాబుకొస్తే అగ్గిపెట్టె జేబులోనే పెట్టుకోవాలి. సీ డ్రైవు, యూజర్స్, స్టూడెంట్ అన్న దారి ఇక్కడ ప్రతి మిషన్లోనూ పనిచేస్తుంది. ఇన్‌చార్జి గారు ఆ మాటే గర్వంగా చెబుతున్నారు.