కుంచె కదిలింది... ఫైలు కదల్లేదు!

సీతమ్మధార రైతుబజారు బయట, టీ బండి దగ్గర చర్చ.

"బొమ్మలేయించి, డాన్సులాడించి మనసుకి వైద్యం చేసేవోళ్లకి చట్టంలో చోటుందేటి మాస్టారూ?"

"ఎందుకు లేదు నాయనా! 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది కదా. షెడ్యూల్‌లో పాదాల వైద్యుడితోపాటు 'మూవ్‌మెంట్ థెరపిస్టు' అన్నారు. ఆర్టు, డాన్సు రెండూ దాని పక్కన బ్రాకెట్లోనే కుక్కేశారు."

"మరి పాటతో నయం చేసేవోళ్లు?"

"ఆ ఊసే లేదు. బ్రాకెట్ బయట నిలబడి పాడుకోవాలి."

"పోనీ, రిజిస్ట్రేషనో?"

"అది చేసే రాష్ట్ర మండళ్లు 6 నెలల్లో పెట్టాలన్నారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చూస్తే పెట్టినవి 14 రాష్ట్రాలే. అవీ పేరుకే! అదే ఏడాది అక్టోబరు 12లోగా చట్టం అమలు చేయమని గడువిచ్చింది."

"అయితే ముందు వైద్యం ఎవరికి చెయ్యాలంటారు?"

"ఆ మండళ్ల ఫైలుకి! కూర్చున్నచోటు నుంచి లేవదు. దానికి అర్జంటుగా మూవ్‌మెంట్ థెరపీ కావాలి."

"చేయించొచ్చు కదా మరి?"

"ఎలా? థెరపిస్టుకి గుర్తింపు రావాలంటే ముందు ఆ ఫైలే కదలాలి!"