కాస్త జరిపితే ఏం పోయింది?

సొంతంగా విమానం కట్టుకుని ఎగరాలనుకునేవాడికి అమెరికాను మించిన చోటు లేదు. సగానికి మించి పని అచ్చంగా అభిరుచి కొద్దీ చేసుకున్నదేనని ఫొటోలు, లెక్కలు చూపిస్తే సర్కారు కాగితం ఇచ్చేస్తుంది. తలుపు దగ్గర ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని పెద్దక్షరాలతో రాయించుకోవాలి. మామూలు విమానాలకుండే భద్రతా నిబంధనలకు ఇది లోబడి లేదని ఎక్కేవాడికి కనబడేలా బోర్డు తగిలించాలి. సాధారణంగా మొదటి పాతిక నుంచి నలభై గంటలు ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. అంతే. నీ ప్రాణం నీ ఇష్టం, పక్కవాడికి మాత్రం ముందే చెప్పు అన్నమాట. ఇంత పెద్దమనసు ఏ సర్కారుకుంది?

దీంతో నాకేం పేచీ లేదు. ప్లాన్లు కొని, కారును వీధిలోకి తోసి, గ్యారేజీలో ఏళ్ల తరబడి గీసింది గీసినట్టు కట్టే ఓపికమంతులకు చేతులెత్తి దండం పెడతాను. నా గొడవంతా ప్లాన్ల కట్ట పోస్టులో వచ్చిన పూటే చెవి మీద పెన్సిలు పెట్టుకునే మహానుభావుడితో. లెక్కలు కట్టినవాడు ఏరోనాటికల్ ఇంజనీరు. మనవాడు పళ్ల డాక్టరు. అయితేనేం, మూడో పేజీ తిప్పేసరికి ఇంజనీరుగారి తప్పులన్నీ దొరికిపోతాయి.

ఇక్కడ రెండు పొరల ఫైబర్‌గ్లాసు గుడ్డ చాలని ప్లానులో ఉంటుంది. ‘నాలుగేస్తే ఇంకా గట్టి కదా’ అంటాడు. గట్టే. ఆ గుడ్డ తాగిన రెసిన్ బరువు మాత్రం ఎక్కడికీ పోదు. తోకవైపు పేరుకుంటే గరిమనాభి వెనక్కి జరుగుతుంది. అలాంటి విమానం ఒకసారి ముక్కెత్తిందంటే దించడం యజమాని చేతుల్లో ఉండదు. విమానాలకు వాడే బోల్టు చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. ఖరీదూ అలాగే ఉంటుంది. ఈయనకు వీధి చివర హార్డ్‌వేరు కొట్టులో చూడ్డానికి అచ్చం అలాంటిదే దొరికింది. చవక కూడా. రెక్క ఇప్పుడు దాని మీదే వేలాడుతోంది.

మున్సిపాలిటీ ఒప్పుకున్న ప్లానులో లేని అంతస్తు లేపడం, క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు జరిమానా కట్టి గట్టెక్కడం మన ఊళ్లలో మామూలే. గురుత్వాకర్షణ శాఖవారు ఇంతవరకు అలాంటి పథకమేదీ ప్రకటించలేదు.

ఒక్కోసారి ప్లాన్లు గీసినవాడే ఈ బాపతు అవుతాడు. ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అని ఒకాయన ఉండేవాడు. మామూలు విమానంలో చేతులూ కాళ్లూ కలిపి ఆడించడం ఆయనకు ఎంతకీ పట్టుబడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాలి పెడళ్లే పీకేశాడు. రెక్కల కొసల్లో ఆడే ఐలెరాన్లూ తీసేశాడు. ముందు రెక్కనే వంచుతూ నడిపే బుల్లి విమానం 1933లో ఎగరేసి, మరుసటేడు పుస్తకం రాశాడు. పెట్టెకు మేకులు కొట్టడం వస్తే విమానం కట్టడం వచ్చినట్టేనని అందులో అభయమిచ్చాడు. 1935లో అది ఇంగ్లీషులోకి రాగానే బ్రిటన్‌లో సుత్తి పట్టినవాడల్లా ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అనే ఆ బుల్లి విమానం కట్టాడు. చిక్కేమిటంటే, ఆ విమానం ముక్కు ఒక హద్దు దాటి కిందికి వాలితే స్టిక్కు ఎంత లాగినా లేవదు. లాగినకొద్దీ రెండు రెక్కల సందులో దూరే గాలి వెనక రెక్కనే ఇంకా పైకెత్తుతుంది. ఈ సంగతి 1936లో ఫార్న్‌బరో గాలి సొరంగంలో పెట్టి చూశాక బ్రిటిష్‌వాళ్లకు తెలిసింది. అప్పటికి కొందరి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. తరువాత మిన్యే లోపం సరిదిద్దాడు లెండి.

అసలు కథ కాలిఫోర్నియాది. బర్ట్ రుటాన్ అనే డిజైనరు ‘లాంగ్ ఈజీ’ అనే విమానాన్ని బహు తెలివిగా గీశాడు. రెండు ట్యాంకుల మధ్య ఇంధనం మార్చుకునే మరను పైలట్‌కు ఎదురుగా, చేతికందేచోట పెట్టమన్నాడు. ఒక విమానం కట్టినాయనకు అది నచ్చలేదు. కాక్‌పిట్‌లోకి పెట్రోలు గొట్టాలు రావడం ప్రమాదమట! భద్రత కోసమని మరను పట్టుకెళ్లి పైలట్ ఎడమ భుజం వెనకాల బిగించాడు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు పెట్టలేదు. ఇంధనం ఎంతుందో చూపే గేజీల మీదా గీతల్లేవు. ఆ విమానాన్ని గాయకుడు జాన్ డెన్వర్ కొన్నాడు. 2,000 గంటలకు పైగా ఎగిరిన మనిషి. మర అందడం లేదని మెకానిక్కుతో కలిసి దాని పిడికి ప్లయరు తగిలించి చూశాడు. అయినా అందలేదు. వెనకున్న గేజీలు చూసుకోవడానికి మెకానిక్కు ఒక అద్దం ఇచ్చాడు. పెట్రోలు పోయించుకోమంటే, గంటసేపేగా, అక్కర్లేదన్నాడు.

అది 1997 అక్టోబరు 12. విమానం మాంటెరే అఖాతంలో పడింది. సీటులో కూర్చుని భుజం వెనక్కి తిరిగి ఆ మరను తిప్పబోతే కుడి కాలు దానంతటదే, విమానాన్ని పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కేస్తుందని దర్యాప్తులో తేలింది. పెట్రోలు పోయించుకోకపోవడం, కొత్త విమానం మీద చాలినంత తర్ఫీదు లేకపోవడం డెన్వర్ పొరపాట్లేనని దర్యాప్తు సంస్థ దాపరికం లేకుండా రాసింది. ఆ పక్కనే, మరను అందనిచోట పెట్టాలన్న నిర్మాత నిర్ణయాన్నీ రాసింది. అగ్నిప్రమాదం మాత్రం జరగలేదు. ఆ మేరకు సవరణ సఫలమే.

రుటాన్ ఇదంతా ముందే పసిగట్టినట్టున్నాడు. మార్చినవాడు పోతే లాయరు నోటీసు గీసినవాడి ఇంటికొస్తుంది. కోర్టు దావాల భయంతో ఆయన 1985లోనే ప్లాన్లు అమ్మడం మానేశాడు.

ఇక రిపేర్ల ముచ్చట. కట్టినవాడికి ఆ ఒక్క విమానానికీ రిపేర్‌మన్ సర్టిఫికెట్టు ఇస్తారు. ఏడాదికోసారి తన విమానాన్ని తానే పరీక్షించుకుని, భేషుగ్గా ఉందని తానే సంతకం పెట్టుకోవచ్చు. పెన్సిలూ ఆయనదే, పెన్నూ ఆయనదే. విమానం అమ్మేస్తే మాత్రం ఆ సర్టిఫికెట్టు కొన్నవాడికి దక్కదు. వాడు సాధారణంగా లైసెన్సున్న మెకానిక్కును పిలిపించుకోవాలి. ఆ మెకానిక్కు ప్లాను కాగితం ఒళ్లో పరుచుకుని, టార్చి నోట కరుచుకుని, సగం ఒళ్లు రెక్కలో దూర్చి వెతుకుతాడు. కాగితంలో ఉన్న బ్రాకెట్టు రెక్కలో లేదు. రెక్కలో ఉన్న గొట్టం కాగితంలో లేదు. వేరే దారిలేక కట్టినాయనకు ఫోను చేస్తాడు.

అవతలి గొంతులో ఒకటే సంబరం. “భలే కనిపెట్టారే! అలాంటివి ఇంకో మూడున్నాయి, వెతకండి చూద్దాం.”