ఈ సలహాలు వింటే ఇంట్లోవాళ్లు వద్దంటారు

యాడ్లకు నెలకు ఆరు వేలే పెట్టగలిగితే గూగుల్‌కు మూడు, ఫేస్‌బుక్‌కు మూడు అని పంచొద్దు. మొత్తం ఒకదానికే పెట్టండి. ఆ నెలంతా రెండోదాని జోలికి పోవద్దు.

ప్రొద్దుటూరులో ఏ అంగట్లో ఈ మాటన్నా ఒకటే జవాబు వస్తుంది: "రెండు చోట్లా కనపడితే మంచిదే కదన్నా, ఏదో ఒకటి తగులుతుంది." తగలదు. లెక్క వేసి చూడండి. మూడు వేలంటే రోజుకు వంద. క్లిక్కుకు పది రూపాయలు పడుతుందనుకుంటే రోజుకు పదిమంది వస్తారు. యాభైమందిలో ఒకరు ఫోన్ చేస్తారనుకుంటే ఐదు రోజులకో ఫోను, నెలకు ఆరు. ఆ ఆరు ఫోన్లను బట్టి యాడ్ పనిచేసిందో, మన అదృష్టం బాగుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండో చోటా ఇదే కథ. నెలాఖరుకు ఆరు వేలు పోయి, చేతిలో రెండు అనుమానాలు మిగులుతాయి. చిన్న అంగడికి డబ్బు పోవడం ఒక నష్టమైతే, ఏమీ తెలియకుండా పోవడం అంతకంటే పెద్ద నష్టం.

ఆ ఒకటి ఏది? ఇక్కడే నా సలహాలన్నీ జనం మాటకు అడ్డంగా ఉంటాయి. సెర్చ్ యాడ్ అంటే మనిషి తనకేం కావాలో తానే టైపు చేశాక కనపడేది. సోషల్ యాడ్ అంటే ఆ మనిషి చుట్టాల పెళ్లి ఫోటోలో, క్రికెట్ ముక్కో చూసుకుంటుంటే మధ్యలో మనం దూరి పలకరించేది. మొదటిది అంగడి మెట్టెక్కి ధర అడిగినవాడితో మాట్లాడటం. రెండోది దసరా ఊరేగింపు చూడటానికి వచ్చినావిడను ఆపి చీర చూపించడం. రెండూ వ్యాపారమే. కానీ ఒకచోట చెప్పే మాట ఇంకోచోట చెల్లదు. కాబట్టి మీ సరుకు ఏమిటని కాకుండా, మీ దగ్గరికి వచ్చే ముందు గిరాకీ చేతిలో ఫోన్‌తో ఏం చేస్తుంటాడని అడగండి.

పులివెందులతో మొదలుపెడదాం, అక్కడ జవాబు తేలిక. ఎండాకాలంలో అరటి గెల మీద ఉండగా బోరు మోటారు కాలిపోయిన రైతు రీల్ చూసి మెకానిక్‌ను ఎంచుకోడు. తెలిసినవాడికి ఫోన్ చేస్తాడు. వాడు ఎత్తకపోతే కొడుకు చేతికి ఫోనిచ్చి "ఇంకెవరున్నారో చూడురా" అంటాడు. ఆ పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాల్లో 'మోటార్ రివైండింగ్ పులివెందుల' అని కొడతాడు, లేదా మైకు నొక్కి తెలుగులోనే అడుగుతాడు. ఆ గంటలో మీరు కనపడితే చాలు, మిగతా నెలంతా ఎవరికీ కనపడకపోయినా నష్టం లేదు. రివైండింగ్ అంగడి, బోర్లు వేసే బండి, పంక్చర్లు, ఫ్రిజ్ మరమ్మతు, రాత్రిపూట తెరిచి ఉండే మందుల షాపు ఇవన్నీ సెర్చ్ బాపతు.

అయితే వీళ్లకు నేనిచ్చే మొదటి సలహా యాడ్ పెట్టవద్దనే. ముందు గూగుల్ మ్యాప్స్‌లో అంగడిని నమోదు చేసుకోండి, అది ఉచితం. పని వేళలు, ఎత్తే ఫోన్ నంబరు, అంగడి ముందు నిలబడి తీసిన ఫోటో పెట్టండి. ఆ తర్వాత వేరే ఫోన్‌లో వెతికి చూడండి. పైన మీరే కనపడుతుంటే, మీ పైన ఎవరి యాడూ లేకపోతే, ఆ వరుసకు డబ్బు కట్టాల్సిన పని లేదు. కట్టాల్సి వస్తే వేంపల్లె, లింగాల, తొండూరు, సింహాద్రిపురం వైపు కట్టండి, ఆ రైతుల మ్యాప్‌లో మీరు మొదట రాకపోవచ్చు.

పెట్టిన డబ్బు ఖర్చు కాకపోతే సంతోషించండి. యాడ్లు చూసే కుర్రాడు మాత్రం "సార్, బడ్జెట్ మిగిలిపోతోంది, కీవర్డ్లు పెంచుదాం" అంటాడు. పెంచనివ్వద్దు. పులివెందుల చుట్టుపక్కల ఒక రోజులో మోటారు రివైండింగ్ కోసం వెతికేవాళ్లు కొందరే ఉంటారు. ఆ కొందరే మీ బేరం. బలవంతంగా పెంచితే యాడ్ 'మోటార్ రివైండింగ్ కోర్సు', 'కాపర్ వైర్ కిలో ధర', 'సెకండ్ హ్యాండ్ మోటార్' అని కొట్టేవాళ్ల ముందుకు పోతుంది. వాళ్లూ నొక్కుతారు, మీ డబ్బూ కోతపడుతుంది. గూగుల్ యాడ్స్‌లో 'సెర్చ్ టర్మ్స్' అనే పట్టిక ఉంటుంది. మీ యాడ్ కనపడే ముందు జనం కొట్టిన మాటల్లో చాలావరకు అందులో ఉంటాయి. వారానికోసారి అంగడి యజమానే కూర్చుని దాన్ని చదవాలి. పనికిరాని మాటలు కొడితే యాడ్ రాకుండా వాటిని నెగటివ్ కీవర్డ్లుగా పెట్టించాలి. ఈ పని ఏజెన్సీకి వదిలేయొద్దు. కోర్సు అడిగేవాడెవడో, కాలిన మోటారు తెచ్చేవాడెవడో మీకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు.

అరటి, చీనీ అమ్మే రైతులకు మాత్రం రెండూ వద్దు. వ్యాపారి తోటకే వచ్చి టన్నుల లెక్కన మాట్లాడుకునే బేరానికి యాడ్ పెట్టి సాధించేదేమీ లేదు. టిష్యూకల్చర్ మొక్కలు అమ్మే నర్సరీల సంగతి వేరు. రైతు యూట్యూబ్‌లో తోటలు చూస్తాడు కాబట్టి వాళ్ల డబ్బు అక్కడికి పోవాలి. ఇక్కడో చిక్కుంది. యూట్యూబ్ యాడ్ కొనేది గూగుల్ దగ్గరే అయినా అది సెర్చ్ కాదు, దారిలో ఆపి పలకరించే జాతి. గూగుల్‌లో 'పర్ఫార్మెన్స్ మాక్స్' రకం ఎంచుకుంటే డబ్బు సెర్చ్, యూట్యూబ్, జీమెయిల్, మ్యాప్స్, వెబ్‌సైట్ల పక్కన వచ్చే బొమ్మలు అన్నిటికీ చెదిరిపోతుంది. అది పెద్ద బడ్జెట్లకు సరే. ఆరు వేలవాడు 'సెర్చ్' అని రాసి ఉన్న రకమే తీసుకోవాలి. అందులోనూ 'డిస్‌ప్లే నెట్‌వర్క్' అనే టిక్కు తీసేయాలి.

జమ్మలమడుగు వాళ్లకు చెప్పేది వింటే కోపం వస్తుంది: మీ యాడ్ మీ ఊళ్లో కనపడకూడదు. గండికోట దగ్గర టెంట్లు, గదులు నడిపేవాళ్ల సంగతి ఇది. పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగువాడు లోయ చూసి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. రాత్రి టెంట్‌లో పడుకునేది బెంగళూరువాళ్లు, హైదరాబాద్‌వాళ్లు. బావమరిది ఫోన్ చేసి "మామా, నీ యాడ్ చూశా" అంటే సంబరపడొద్దు. ఆ చూపుకు మీరే డబ్బు కట్టి ఉంటారు.

గండికోట అంటే అందరూ ఇన్‌స్టాగ్రామ్ అంటారు. నేను సెర్చ్ అంటాను. పెన్నా ఎర్రమల కొండలను చీల్చుకుపోయే ఆ లోయ ఫోటో చూస్తే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. నిజమే. కానీ వచ్చిన ప్రతి టూరిస్టూ ఆ ఫోటోను ఉచితంగా ఊరంతా పంచుతున్నాడు. కోరిక పుట్టించే పని ఇతరులు మీకోసం ఊరికే చేస్తున్నప్పుడు దానికి మళ్లీ డబ్బెందుకు? ఆ కోరిక పుట్టినవాడు గురువారం రాత్రి 'గండికోట టెంట్ స్టే' అని వెతుకుతాడు చూడండి, డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఒట్టి 'గండికోట' అన్న మాటను మాత్రం కొనొద్దు. చరిత్ర ప్రాజెక్టు రాసే పిల్లలూ అదే కొడతారు. 1969 నాటి ఎన్టీఆర్ సినిమా 'గండికోట రహస్యం' పాటల కోసం వెతికేవాళ్లూ మీ లెక్కలోకి రావచ్చు. టెంట్, స్టే, క్యాంపింగ్, రూమ్ లాంటి మాట పక్కన ఉండాల్సిందే. 'రహస్యం', 'సాంగ్స్', 'హిస్టరీ' నెగటివ్‌లో పడాల్సిందే. శనివారానికి టెంట్లు నిండాయా, ఆ వారానికి యాడ్ ఆపేయండి. నిండిన టెంట్లకు ఫోన్లు రావడం పరపతి కాదు. ప్రతి ఫోనుకూ మీరు డబ్బు కట్టి, లేదని చెప్పి పంపుతున్నారు.

గూగుల్‌లో ప్రాంతం ఎంచుకునే చోట, ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు దాని మీద ఆసక్తి చూపినవాళ్లనూ కలిపే ఎంపికే ముందుగా పెట్టి ఉంటుంది. పులివెందుల మోటారు అంగడివాడు దాన్ని మార్చి, అక్కడ ఉన్నవాళ్లకే పరిమితం చేయాలి. లేకపోతే ఏ దేశంలోనో కూర్చుని పులివెందుల గురించి వెతికేవాడికీ యాడ్ పోతుంది. గండికోటవాడు బెంగళూరు, హైదరాబాద్ పేర్లు పెట్టి, అక్కడ ఉన్నవాళ్లనే ఎంచుకోవాలి.

ఇక ప్రొద్దుటూరు బంగారం. బంగారం ధరలు వేసే పట్టికలో పత్రికలు ప్రొద్దుటూరు పేరును విడిగా అచ్చువేస్తాయి. రెండో ముంబై అని పేరుపడ్డ ఊరు ఇది. అందుకే అంగళ్లవాళ్లకు ఒక ఆశ ఉంటుంది: 'ప్రొద్దుటూరు గోల్డ్ రేట్ టుడే' అని అంతమంది వెతుకుతున్నారు కదా, అక్కడ మన యాడ్ ఉంటే! దయచేసి పెట్టొద్దు. ఆ మాట కొట్టేవాడికి కావాల్సింది ఒక అంకె. అది దొరకగానే వెళ్లిపోతాడు. కుదువ పెట్టేవాడు, అమ్మేవాడు, పొద్దున లేచి ఊరికే చూసుకునేవాడు, పక్క అంగడివాడు అందరూ అందులో ఉంటారు.

పెళ్లి బంగారం కొనే ఇంట్లో నిర్ణయం వేరే చోట జరుగుతుంది. పెద్దవాళ్లకు తరతరాలుగా పోయే అంగడి ఒకటి ఉంటుంది. పిల్ల ఫోన్‌లో నెలల తరబడి దాచుకున్న హారాల ఫోటోలుంటాయి. ఆ రెంటి మధ్య నలిగి నలిగి బేరం తేలుతుంది. ఆ ఫోన్‌లోకి పోవాలంటే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లే దారి. బంగారానికి, పట్టుచీరలకు సోషల్ అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఎప్పుడు పెట్టాలి? ఆషాఢంలో. ముహూర్తాలు లేని నెలలో డబ్బు తగలేస్తావా అని ఇంట్లో పెద్దాయన కోప్పడతాడు. శ్రావణం పెళ్లిళ్ల మాటలు నడిచేది, ఏ నగ ఎక్కడ చేయించాలో ఇంట్లో వాదులాడుకునేది ఆ ఖాళీ నెలలోనే. శ్రావణం వచ్చాక వాళ్లు చూసేది అంతకుముందే మనసులో పడ్డ రెండు మూడు అంగళ్లనే. అక్షయ తృతీయ, ధనత్రయోదశి వారాల్లో మాత్రం చిన్న అంగళ్లు తప్పుకోవడమే మేలు. రెండు వేదికల మీదా యాడ్ చోటు వేలంలోనే అమ్ముడవుతుంది. ఆ వారం పెద్ద గొలుసు షాపులు వేలం పాడుతుంటే మీ ఆరు వేలు ఒక్క పూటకు ఆనవు.

యాడ్ ఎలా ఉండాలి? స్టూడియోలో తీసింది వద్దు. గల్లా పెట్టె దగ్గర, పగటి వెలుతురులో, ఫోన్‌తో తీయండి. హారాన్ని తక్కెడలో పెట్టి బరువు కనపడేలా చూపించండి. "మొత్తం నలభై ఎనిమిది గ్రాములు, రాళ్లు పోను నలభై ఐదు, తరుగు ఇంత, మజూరి ఇంత" అని అంగట్లో మనిషే నోటితో చెప్పాలి. నగను తిప్పి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు మీద కెమెరా ఆపండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అది తప్పనిసరి, జనానికి దాన్ని చూడటం అలవాటు చేసిన అంగడి మీదే నమ్మకం కుదురుతుంది. తరుగు బయటికి చెబితే పక్కవాడు తగ్గిస్తాడని భయం. తగ్గించనీ. దాచిపెట్టే అంగళ్ల వరుసలో చెప్పే అంగడి ఒక్కటే ఉంటే ఆడవాళ్లకు ఆ పేరు గుర్తుంటుంది.

'బూస్ట్' బటన్ నొక్కి లైకులు కొనొద్దు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా, మనం ఏది అడిగితే అది చేసే అలవాటున్నవాళ్లనే వెతికి తెస్తుంది. లైకులు అడిగితే లైకు కొట్టేవాళ్లు వస్తారు, కొనేవాళ్లు కాదు. వాట్సాప్‌లో మాట కలిపే రకం యాడ్ పెట్టండి. మెసేజ్ పెట్టినవాళ్లకు అదే రోజు బదులివ్వడానికి ఇంట్లో మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషి లేకపోతే సోషల్ యాడే వద్దు.

సెర్చ్‌లో మాత్రం యాడ్ రాతలోనే ధర వేయండి, "రివైండింగ్ ఇంత నుంచి" అని. క్లిక్కులు తగ్గుతాయని ఏజెన్సీ అడ్డుపడుతుంది. తగ్గాలనే కదా వేసేది! అంత పెట్టలేనివాడు చదివి నొక్కకుండా పోతే మీకు పైసా ఖర్చు లేదు.

మీ అంగడి పేరును మీరే కొనొద్దు. పేరు కొట్టి వెతికేవాడు ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నాడు. 2012లో ఈబే కంపెనీ తన పేరు మీద వచ్చే సెర్చ్ యాడ్లను కొంతకాలం ఆపి చూసింది. పోయిన క్లిక్కులు దాదాపు అన్నీ కింద ఉచితంగా వచ్చే లింకు ద్వారానే తిరిగొచ్చాయి. 2015లో ఈ పరిశోధన ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. అంత కంపెనీకి అక్కర్లేనిది ప్రొద్దుటూరు గాంధీ రోడ్డు అంగడికి అక్కర్లేదు. పోటీవాడు మీ పేరు మీద యాడ్ వేస్తుంటే తప్ప.

ఈబే చేసిన పనే మీరూ చేయండి. బాగా నడుస్తున్న యాడ్‌ను రెండు వారాలు ఆపండి. నడిచేదాన్ని ఆపడం పిచ్చిపనని అందరూ అంటారు. ఆపినా ఫోన్లు అంతే వస్తుంటే ఆ గిరాకీ యాడ్ వల్ల వచ్చింది కాదు. పడిపోతే ఎంత పడిందో అదే యాడ్ విలువ. ఇందుకోసం అంగట్లో ఒక నోటుబుక్కు పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎట్ల తెలిసిందమ్మా?" అని అడిగి రాసుకోవాలి. పండగ వారంలో ఈ పరీక్ష పెట్టొద్దు, లెక్క తప్పుతుంది.

డాక్టర్లు మాత్రం సెర్చ్, సోషల్ యాడ్లు రెంటికీ దూరంగా ఉండాలి. యాడ్లతో రోగులను పిలవడాన్ని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఒప్పుకోదు.

చివరగా బిల్లు. గూగుల్‌లో రోజుకు రెండు వందలని పెట్టినా ఒకోరోజు నాలుగు వందల దాకా కోయవచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజువారీ మొత్తానికి 30.4 రెట్లు దాటదు. ఒకరోజు ఎక్కువ కోసిందని కంగారుపడి ఆపేయొద్దు. యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడే అంగడి జీఎస్టీ నంబరు ఎక్కిస్తే మామూలు పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు దాన్ని ఇన్‌పుట్ కింద తీసుకోవచ్చు. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, వాళ్లు వెయ్యి రూపాయల యాడ్‌ను 1180గానే లెక్కేసుకోవాలి.