పరిశోధన జోలికి పోకుండా వైద్య ఫెలోషిప్ కొట్టడం ఎలా?

పేరు చివర వైద్య అకాడమీ ఫెలో అన్న అక్షరాలు చేరితే నేమ్‌ప్లేటు, లెటర్‌హెడ్, అబ్బాయి పెళ్లి శుభలేఖ అన్నీ వెలిగిపోతాయి. ఆ అక్షరాలను సంపాదించే దారి ఇదిగో.

1. పనిలో మునగకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో సహచరుడు ఫిస్క్‌తో కలిసి ఇచ్చారు. అయినా హార్వర్డ్‌లో ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. కలరా క్రిమి విడిచే విషాన్ని 1959లో బయటపెట్టిన కోల్‌కతా డాక్టర్ శంభునాథ్ డేని, 1985లో పోయేదాకా మన అకాడమీలు ఫెలోగా ఎన్నుకోలేదు. పని ఉండి పలుకుబడి లేకపోతే అంతే. మీరు పలుకుబడితో మొదలుపెట్టండి.

2. పాత ఫెలోలను పట్టుకోండి. కొత్తవారిని ప్రతిపాదించేది వాళ్లే. పుట్టినరోజులు రాసిపెట్టుకోండి. ఎయిర్‌పోర్టుకు కారు పంపండి. ఆత్రేయపురం పూతరేకులు మోసుకెళ్లండి. షుగరున్న పెద్దాయనకు మాత్రం జీడిపప్పు.

3. ప్రతి పేపరులో మీ పేరు పెట్టించండి. రచయిత అనిపించుకోవాలంటే పనిలో పాలు, రాతలో పాలు, తుది ప్రతికి ఆమోదం, తప్పొప్పులకు జవాబుదారీ ఉండాలని వైద్య పత్రికల సంపాదకుల నిబంధన. మొదటి రెండూ పీహెచ్‌డీ కుర్రాళ్లు చూసుకుంటారు. మూడోదానికి వాట్సాప్‌లో బొటనవేలు చాలు. నాలుగోది మీదపడిన రోజున "ఆ భాగం నేను చూడలేదు" అనండి.

4. ఒక్క అధ్యయనాన్ని ఐదు ముక్కలు చేయండి. అదే రోగుల బీపీ ఒక పేపరు, షుగరు ఇంకో పేపరు, కొలెస్ట్రాల్ మరోటి. 2005లో శాస్త్రవేత్త హిర్ష్ కనిపెట్టిన హెచ్-ఇండెక్స్ ఎన్ని పేపర్లను ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కేస్తుంది, ఎవరు ఉదహరించారో అడగదు. కాబట్టి స్నేహితులతో ఒప్పందం చేసుకోండి: మీ పేపర్లు వాళ్లు, వాళ్లవి మీరు. పత్రిక స్థాయిని బట్టి మనిషిని తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు ప్రకటన చేశారు. దాన్ని ఎంపిక కమిటీ ముందు ఎత్తకండి.

5. ఎండలో తిరగకండి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పక్కాగా తేలలేదు. తేల్చాలంటే జీడితోటల మధ్య ఊరూరా తిరగాలి, నీళ్లు, రక్తం నమూనాలు ఏళ్ల తరబడి పట్టాలి. ఏసీ గదిలో కూర్చుని పాత పేపర్లు పది కలిపి సమీక్షా వ్యాసం రాయండి. శీర్షికలో ఉద్దానం ఉంటే చాలు, శ్రీకాకుళం బస్సు ఎక్కక్కర్లేదు.

6. గ్రాంటు డబ్బు మార్చి 31లోపు ఊడ్చేయండి. పెద్ద మిషను కొని, పెట్టె విప్పకుండా మూల పెట్టండి. ఎవరైనా అడిగితే "ఇన్‌స్టలేషన్ ఇంజినీరు రాలేదండీ". ఈ జవాబు ఏటా పనిచేస్తుంది.

7. అసలు డేటాను భద్రపరచకండి. అడిగితే హార్డ్ డిస్కు పోయిందనండి. దొరికిపోయినా కంగారు లేదు, బోలెడు టైముంటుంది. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపరు 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయిందనుకోండి. మీరు ఈలోపే శాలువా కప్పించుకుని రిటైరైపోండి.

ఇవన్నీ పాటిస్తే కుర్రాళ్లు వేరే ల్యాబ్ వెతుక్కుంటారు, మిషను తుప్పు పడుతుంది, ఏ రోగికీ మందు అందదు, మీకు మాత్రం ఫెలోషిప్ వస్తుంది. విజయమంటే ఇదే. నామినేషన్ల గడువు దాటకముందే ఒక ఫెలో గారికి ఫోన్ కొట్టండి.