సూది పడితేనే వైద్యం

జి.మాడుగుల మండలంలో వానలు మొదలైతే జ్వరాలొస్తాయి. జ్వరాల వెనకే సంచీ భుజాన వేసుకుని ఆరెంపీ వస్తాడు. ఆయనది ఒకటే సిద్ధాంతం: గోలీ ఇచ్చేవాడు కాంపౌండరు, సూది పొడిచేవాడు డాక్టరు. జ్వరమా, సూది. ఒళ్లు నొప్పులా, సూది. నీరసమా, అయితే రెండు. ఏం మందు బాబూ అంటే "పవర్ మందు" అంటాడు. సీసాలో ఉన్నది జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అయితే మాత్రం ఆయన అబద్ధమాడలేదు.

మలేరియా మీద ఆ పవరు పనిచేయదు, వైరస్ జ్వరం మీద అసలే పనిచేయదు. పనిచేసేది లోపలి చెవి మీద. ఒక్కో చెవిలో పుట్టుకతో 15,000 దాకా శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలుంటాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. మందు అక్కడి నీటిలో తిష్ఠ వేసి, సూది మానేసిన వారాల తర్వాత కూడా ఆ కణాలను చంపుతూనే ఉండగలదు. ఇంత నిబద్ధత గల ఉద్యోగి ఏజెన్సీలో ఏ శాఖలోనూ దొరకడు.

ముందు పోయేవి సన్నని శబ్దాలు. స, త లాంటి అక్షరాలు జారిపోతాయి. మాట చెవిన పడుతుంది, ఏమన్నారో తెలియదు. అప్పుడు కింద నుంచొచ్చిన అధికారి "ఈ కొండవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదండీ" అని నిట్టూరుస్తాడు. జెంటామైసిన్, అదే జాతి స్ట్రెప్టోమైసిన్ ఒంటి తూకాన్నీ చెడగొడతాయి. పగలు కళ్లు కాస్తాయి గానీ, చీకట్లో గట్టు దిగేటప్పుడు కాలు తూలుతుంది. నింద మాత్రం జీలుగు కల్లు మీదికి పోతుంది!

మందును తిట్టడం లేదు. పసికందు రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకితే ఇదే జెంటామైసిన్ ప్రాణం నిలబెడుతుంది. కానీ ఆసుపత్రిలో బరువు తూచి, కిడ్నీలు చూసి ఇస్తారు. మొండి క్షయకు వాడుతూ వచ్చిన ఇదే జాతి కనామైసిన్‌ను కూడా 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్కన పెట్టమంది. క్షయే గోలీలకు దిగివచ్చింది, మన పడిశం మాత్రం సూదికి తగ్గనంటోంది.

ఇక చెవులు కాపాడే సలహా చూడండి: ఇలాంటి సూదులు ఎక్కువ రోజులు వాడాల్సి వస్తే ముందోసారి, మధ్యమధ్యలో మరోసారి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించాలట. భేషైన సలహా. ఆ పరీక్షకు విశాఖ వెళ్దామంటే పాడేరు నుంచే వంద కిలోమీటర్ల పైమాట. పాడేరు దాకా రావడానికి కొన్ని ఊళ్లవాళ్లకు ఇంకా డోలీయే అంబులెన్సు.

ఖర్చులేని దారి ఒకటుంది. కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి బిడ్డలకు ఒక జన్యు లోపం వస్తుంది. అది ఉన్నవాళ్లకు మామూలు మోతాదే చెవి తీసేయగలదు. మీ అమ్మవైపు వాళ్లకెవరికైనా సూది తర్వాత చెవుడొచ్చిందా, నీ చెవిలో గుయ్‌మంటోందా అని అడిగితే కొన్ని ప్రమాదాలు ముందే బయటపడొచ్చు. ఆశా కార్యకర్త ఏ అరుగు మీదైనా, కువి భాష మాట్లాడేవాళ్లను కువిలోనే, అడగొచ్చు. టెండరు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ప్రారంభోత్సవానికి కత్తిరించేందుకు రిబ్బను లేకపోవడమే ఈ పథకానికున్న పెద్ద లోపం.